ఎండ పడని పక్క

వ్యాగన్లకు తుప్పు రంగు అంత సహజంగా ఎట్లా వస్తుంది సార్ అని మీలో నలుగురైదుగురు అడిగినారు. అదేం దేవరహస్యం కాదు. మా కోడుమూరు పక్క చేన్లలో ఎర్రమన్ను తెచ్చుకోండి. పాత పంచెగుడ్డలో జల్లించి, తెల్ల జిగురు కలిపిన నీళ్లలో వేసి, అరిగిపోయిన పళ్లబ్రష్షుతో అద్దండి. పూయొద్దు, అద్దండి. ఆరినాక వేలితో తుడిస్తే పైన పోయి సందుల్లో నిలబడుతుంది. పట్టాల కింద కంకరకు నాపరాళ్ల మిషన్ల కాడ పారేసే రజను జల్లెడ పట్టుకుంటే చాలు. వ్యాగన్ గోడలకు పెండ్లిపత్రికల అట్టను మించింది లేదు. అందులోనూ ఉన్నోళ్ల ఇంటి పెండ్లిపత్రిక అయితే ఇంకా మేలు, మందంగా ఉంటుంది.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. బొమ్మ రైళ్లు చేసేవాళ్లు, గూడ్సుబండ్ల వెంటపడి ఫోటోలు తీసేవాళ్లు మీరింతమంది తయారైనారు కాబట్టి, మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలని కూచున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఊరికే చదివి పోండి.

నేను రైల్వేలో వ్యాగన్లు పరీక్ష చేసే పని చేసినాను, కడప జిల్లాలోనే శానా ఏండ్లు. గూడ్సుబండి వచ్చి నిలబడితే, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒక పక్క నడుచుకుంటూ పోవాలి, మళ్లీ ఇంకో పక్కనుంచి తిరిగి రావాలి. చక్రాలు, స్ప్రింగులు, బ్రేకు కడ్డీలు, వాటిని పట్టి ఉంచే పిన్నులు అన్నీ చూడాలి. అన్నీ బాగుంటే కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే బండి కదిలేది. రెండు పక్కలూ కలిపితే కిలోమీటరు పైనే నడక. మా కడప ఎండలో ఆ కంకర రాళ్ల మీద నడిస్తే బూట్ల అడుగులు కూడా కాలుతాయి. దీంట్లో తెలివికన్నా కాళ్లకు పని ఎక్కువ.

బొమ్మల పిచ్చి మాత్రం ఉద్యోగానికి ముందునుంచీ ఉండేది. చిన్నప్పుడు మా ఊర్లో జొన్నదంట్ల బెండుతో ఎద్దులబండ్లు చేసుకునేవాళ్లం. వయసొచ్చినాక అందరూ మానేసినారు, నేను మానలేదు, అంతే. ఉద్యోగంలో చేరినాక ఎద్దులబండి పోయి వ్యాగన్ వచ్చింది. అసలుదాంట్లో ఎనభై ఏడో వంతు, జానెడు కూడా ఉండదు. చూసి చేయాలంటే ఫోటోలు కావాలి. పాడైన భాగాలు ఫోటోలు తీసి పెట్టమని పైసారు నోటిమాటగా అనుమతి ఇచ్చినాడు. ఇంకేముంది, సందు దొరికింది కదా అని పాడైనవీ తీసినాను, బాగుండేవీ తీసినాను. మా ఇంటామె అనేది, "కుర్చీ కాలు ఇరిగి ఆర్నెల్లాయ. దాన్ని చేసే చేతులు లేవు గానీ, ఈ అట్టపెట్టెలకు మెట్లు అంటించే చేతులు ఉండాయి" అని. నిజమే, ఆ కుర్చీని చివరికి ఆమే వడ్రంగి దగ్గరికి తీసుకుపోయింది.

ఫోటోలు తీసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, మీకూ ఉండే ఉంటుంది. ఎండ ఏ పక్క పడితే ఆ పక్కకే పోతాము. సూర్యుడు మన వీపు మీద ఉండాలి. అప్పుడే రివెట్లు, సొట్టలు, అంకెలు అన్నీ విడివిడిగా కనబడతాయి. నీడ పక్క తీస్తే అంతా మసి. నా దగ్గరున్న వేల ఫోటోల్లో నీడ పక్కవి ఏరితే చేతివేళ్లకు సరిపోవు.

ఆ పొద్దు ఏమైందంటే, మామూలుగా నాకు సాయంగా ఒక పక్క నడిచే మా ఫిట్టరు లేడు. కొడుకు పుట్టెంటికలు తీయించేదానికి మహానందికి పోయినాడు. కాబట్టి రెండు పక్కలా నేనే నడవాల. ముందు దినం వాన పడి బండి కడిగినట్టుంది. ఆఖర్న నాలుగు వ్యాగన్లు, పైకప్పు లేని రకం, ముగ్గురాయి నింపేదానికి సైడింగుకు, అంటే సరుకెక్కించే పక్క పట్టాల మీదికి పోయేవి. పాతబడి, సొట్టలు పోయి, రంగు మీద రంగు లేచి, అబ్బా, ఏం అందం! తూర్పు ఎండ వాటి మీద నిండుగా పడతా ఉంది. వంగి, లేచి, మోకాళ్ల మీద కూచుని తీసుకుంటూ పోయినాను. ఇంతలో స్టేషన్ మాస్టరు ఫోను మీద ఫోను: "ఏమప్పా, అయిందా? అయిందా?" అవతలి పక్కకు పోవాలంటే అంత దూరం మళ్లీ నడవాల. ఆ నాలుగింటి కిందికీ ఈ పక్కనుంచే వంగి చూసినాను. అవతల చక్రాలు కనబడినాయి. తలుపు కింద కాళ్లు కనబడితే మనిషిని చూసినట్టేనా? నేను చూసినట్టే రాసుకున్నాను. సంతకం పెట్టినాను.

వ్యాగన్లు సైడింగుకు పోయినాయి, రాయి నిండింది, మధ్యాహ్నానికి ఇంజను విడిపించుకుని వెళ్లిపోయింది. ఆ సైడింగు కొంచెం వాలుగా ఉంటుంది. ఇంజను లేని వ్యాగన్లను అట్లాంటి చోట నిలబెడితే కిందివైపు రెండింటికి చేతిబ్రేకు చక్రం తిప్పి బిగించాలి, చక్రాల కింద చెక్కదిమ్మెలు పెట్టాలి. ఆ పని, బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌ది. ఆ రకం వ్యాగన్‌కు బ్రేకు చక్రం రెండు పక్కలా ఉంటుంది. తూర్పు పక్క రాయి నింపే అరుగు అడ్డం కాబట్టి ఆయన పడమర పక్కనుంచి బిగించినాడు. గంట గడిచినాక నాలుగు వ్యాగన్లూ వాటంతటవే కదిలినాయి. పట్టాల చివర అడ్డుదిమ్మెను పగలగొట్టుకుని పోయి తూకం వేసే కాటా గది గోడను గుద్దినాయి. లోపల ఉండాల్సిన గుమాస్తా అప్పుడే నీళ్లు తాగేదానికి బయటికి వచ్చినాడు కాబట్టి బతికినాడు. వ్యాగన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింది ఇనుమంతా ఊడి, గుర్తుపట్టలేనట్టు అయిపోయినాయి. చెక్కదిమ్మెలు దూరంగా పడి ఉన్నాయి. అవి జారిపోయినాయో, అసలు పెట్టనేలేదో చెప్పేవాళ్లు లేరు.

"పెట్టినా సార్. బ్రేకు గూడా గట్టిగా బిగించినా" అని పాయింట్స్‌మన్ ఒక్కటే మాట చెప్పినాడు. ఆయనది మైదుకూరు దగ్గర పల్లె. నా వయసువాడే. మా క్వార్టర్ల వరసలో రెండిండ్ల అవతల ఉండేవాడు. డ్యూటీలో నన్ను సార్ అనేవాడు, ఇంటికాడ అప్పా అనేవాడు.

విచారణకు ముగ్గురు అధికారులు వచ్చినారు. అందులో పెద్దసారు మా విశ్రాంతి గదిలో నేను చేసిపెట్టిన యార్డు నమూనా చూసి ఆశ్చర్యపోయినాడు. ఆ పొద్దు తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయని తెలిసి ఇంకా సంతోషపడినాడు. "ఆ నాలుగు వ్యాగన్లూ ప్రమాదానికి ముందు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే చేసివ్వండి. మాకు శిథిలాల కంటే అది బాగా ఉపయోగపడుతుంది" అన్నాడు. పరీక్ష చేసినోడి చేతనే సాక్ష్యం తయారు చేయించడం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అప్పుడు మాత్రం ఎగిరి గంతేసినాను. అన్నేండ్లు ఇంట్లోనూ, పనిలోనూ అందరూ నవ్వింది ఆ బొమ్మలనే కదా.

పది దినాలు డ్యూటీ తప్పించి చేయించినారు. తూర్పు పక్క ప్రతి సొట్టా, ప్రతి గీతా ఫోటో చూసి దించినాను. పడమర పక్కకు ఫోటో లేదు. ఏముంది, తూర్పు పక్కకు కత్తిరించిన అట్టనే తిరగేసి గీసుకుని, మెట్లు, కడ్డీలు, పిన్నులు అన్నీ పద్ధతి ప్రకారం అంటించినాను. బొమ్మలు చేసేవాళ్లం అందరం చేసే పనే ఇది. చూడని చోట ఎట్లా ఉండాలో అట్లా చేస్తాము. ఉన్నదీ, ఉండాల్సిందీ ఒకటే అనుకుంటాము.

సెలవు ముగించుకుని వచ్చిన ఫిట్టరు మహానంది ప్రసాదం చేతిలో పెట్టి, బొమ్మల చుట్టూ ఒక తిరుగుడు తిరిగినాడు. "ఏంది సార్, ఈ పక్క నాలుగింటికీ ఒకే మాదిరి ఉండాయే! మన బండ్లలో ఒకే మాదిరివి రెండు యాడన్నా చూసినావా?" అన్నాడు నవ్వుతూ.

"నీకెందుకప్పా, నీ పని చూసుకో" అన్నాను. కోపం ఎందుకు వచ్చిందో నాకు అప్పుడే తెలుసు.

విచారణ మొదటి దినం బల్ల మీద ఆ నాలుగు వ్యాగన్లూ పెట్టినారు. అధికారులు ముగ్గురూ వాటిని అటూ ఇటూ తిప్పుకుంటూ చూసినారు. పెద్దసారు నన్ను నలుగురిలో మెచ్చుకున్నాడు. తర్వాత పాయింట్స్‌మన్‌ను పిలిచి, బొమ్మ పడమర పక్క చూపించి, "బ్రేకు చక్రం, కడ్డీ, పిన్ను అన్నీ సరిగ్గా ఉన్నాయి కదా. నువ్వు నిజంగా బిగించి ఉంటే బండి ఎలా కదిలింది?" అని అడిగినాడు.

ఆయన ఆ బొమ్మను ముట్టుకోకుండా, వంగి శానాసేపు చూసినాడు. "సార్, ఈడ మెట్టు బాగుండాది. నేను బిగించిన బండికి ఈ పక్క మెట్టు లేదు సార్. ఇరిగిపోయి ఉండె. కాలు పెట్టేదానికి లేక, మోకాలు ఆనించి బిగించినా" అన్నాడు.

"అంటే బొమ్మ తప్పంటావా?"

"బొమ్మ సంగతి నాకు తెలీదు సార్. మెట్టయితే లేదు."

పెద్దసారు నా వైపు తిరిగినాడు. "ఏమండీ, మీరు దేన్ని చూసి చేశారు?"

"ఫోటోలు చూసే చేసినాను సార్" అన్నాను.

అబద్ధం కాదు. ఫోటోలు చూసే చేసినాను. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణంలోనే పాయింట్స్‌మన్ నా ముఖంలోకి చూసినాడు. నేను బొమ్మ వైపు చూసినాను. ఆయన తప్పు తేలిపోయినట్టు విచారణ గుమాస్తా టకటకా రాసుకున్నాడు. పడమర పక్క నేను చూడలేదని చెప్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒక పక్కే చూసి రెండు పక్కలకూ సంతకం పెట్టినానని నా నోటితోనే ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. లెక్క ఇంతే. పెద్ద ధర్మసంకటం ఏమీ లేదు ఇందులో, ఉట్టి భయం.

తర్వాతి వాయిదాకు ఎనిమిది దినాలు గడువిచ్చినారు. ఆ ఎనిమిది దినాలూ నేను మామూలుగా డ్యూటీ చేసినాను. రెండు పక్కలా నడిచినాను, ఎంత శ్రద్ధగా నడిచినానో ఎవరూ నమ్మరు. పాయింట్స్‌మన్‌ను పని నుంచి పక్కన పెట్టినారు. ఆయన పొద్దున్నే వాకిట్లో మంచం మీద కూచోని ఉండేవాడు. నేను డ్యూటీకి పోయేది ఆ వాకిలి ముందరనుంచే. మొదటి దినం పలకరించినాను, "ఏమప్పా" అని. "ఏముంది ప్పా" అన్నాడు. రెండో దినంనుంచి స్టేషన్‌కు వెనక దారిలో పోయినాను.

అయిదో దినమో, ఆరో దినమో, అన్నం వడ్డిస్తా మా ఇంటామె అడిగింది: "నువ్వు చేసిన బొమ్మను చూసే ఆయప్పదే తప్పని తేల్చినారంట గదా?"

"ఇంకా తేల్చలేదు."

"ఆయప్ప ఇంటామె కొళాయి కాడికి గూడా వచ్చేది మానుకుండాది. నన్ను చూసి లోపలికి పాయ. నేనేం చేసినానప్పా?" అని గంటె కింద పెట్టింది. "ఆ బొమ్మలో ఏమన్నా తప్పుండాదా?"

లేదు అన్నాను. ఆమె కూర వేయకుండానే లోపలికి పోయింది. నేను ఉట్టన్నమే తిని లేచినాను. నా మీద నాకు అసహ్యం వేసింది అప్పుడే. ఇంటామె ముందర కూడా అబద్ధమాడి కాపాడుకునేంత పెద్ద ఉద్యోగమా అది అనిపించింది.

రెండో వాయిదా దినం ఆ పొద్దు తీసిన ఫోటోలన్నీ కడిగించి కవరులో పెట్టుకుని పోయినాను. లోపలికి పిలవకముందే తలుపు తోసుకుని పోయి, బల్ల మీద పరిచినాను. నలభై పైనే ఉన్నాయి. పెద్దసారు విసుక్కున్నాడు. "ఇవి మేము చూశాం కదండీ?"

"అన్నీ ఒక పక్కవే సార్. చూడండి. పడమర పక్కది ఒక్కటి కూడా లేదు."

"అయితే ఆ పక్క బొమ్మ దేన్ని బట్టి చేశారు?"

"ఈ పక్కను తిరగేసి చేసినాను. నేను ఆ పొద్దు ఆ పక్కకు పోలేదు సార్. ఎండ ఈ పక్క ఉంది. ఫోటోలు తీసుకుంటా ఉండిపోయినాను. చూడకుండానే సంతకం పెట్టినాను."

పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీరేం చెబుతున్నారో మీకు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "ఇది మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. బల్ల మీది ఫోటోలను ఆయన ముందుకు ఇంకొంచెం జరిపినాను. పాయింట్స్‌మన్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఈసారి కూడా నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయినాను.

అప్పుడుగానీ శిథిలాల మాట ఎవరికీ గుర్తు రాలేదు. ప్రమాదమైన రెండో దినమే ఆ ఇనుమంతా లాగి యార్డు చివర కంపచెట్లలో పడేసి ఉన్నారు. అంత చక్కని బొమ్మ బల్ల మీద ఉంటే ఆ ముండ్లలోకి ఎవరు పోతారు? ఆ మధ్యాహ్నమే అందరం పోయినాము. ఫిట్టరు, నేను గడ్డపారలతో ఒక్కొక్కటే తిప్పినాము. మొదట మెట్టు ఉండాల్సిన చోటు దొరికింది. విరిగిన చోట తుప్పు మందంగా పట్టి ఉంది, అంటే ప్రమాదానికి శానా ముందే విరిగింది. దాని కింద బ్రేకు కడ్డీ దొరికింది. పిన్ను ఉండాల్సిన రంధ్రంలో పిన్ను లేదు. ఎవడో ఎప్పుడో, ఏ ఊర్లోనో, నాలుగు చుట్లు కట్టుతీగ చుట్టి పని జరుపుకున్నాడు. తీగ తెగిన కొసలు ఇంకా ఆ రంధ్రంలోనే ఉన్నాయి.

బిగించినప్పుడు ఆ తీగ పట్టుకుంది, అందుకే ఆయన చేతికి గట్టిగా తగిలింది. రాయి బరువుకు గంటసేపు సాగి సాగి తెగిపోయింది. తర్వాత రెండో వ్యాగన్ బ్రేకు ఒక్కటే ఆపలేకపోయింది. మెట్టు విరిగిన సంగతి, తీగ సంగతి, నడుచుకుంటూ పోయే పరీక్ష మనిషికి కనబడేవే. అవతల పక్క నడిచి ఉంటే గుడ్డివాడు కాకపోతే చాలు.

పాయింట్స్‌మన్‌ను తిరిగి పనిలోకి తీసుకున్నారు. నాకు ఇంక్రిమెంట్లు ఆపి, వేరే స్టేషన్‌కు మార్చినారు. శిక్ష తక్కువే వేసినారు. నేను ఆ కుర్చీలో ఉంటే ఇంకా వేసేవాణ్ణి. కొన్నాళ్లకు శిక్షణ ఇచ్చే బడివాళ్లు ఆ నాలుగు బొమ్మలూ అడిగితే, పడమర పక్క అట్టలు పీకేసి, ఉట్టి చట్రాలు కనబడేటట్టు చేసి ఇచ్చినాను. సగం చేసిన బొమ్మలని అనుకుంటారంట చూసినవాళ్లు.

సామాన్లు లారీకి ఎక్కించే దినం పాయింట్స్‌మన్ మా ఇంటికి వచ్చినాడు. నిజం చెప్పాలంటే, కృతజ్ఞత చెప్తాడేమో అనుకున్నాను. దానికి ఏం బదులు చెప్పాలో కూడా మనసులో తయారు చేసుకున్నాను, "నాదేముంది ప్పా, నా ధర్మం" అని. మనిషి బుద్ధి చూడండి. ఆయన ఆ మాట ఎత్తలేదు. బీరువాకు ఒక పక్క చేయి వేసి, నాతో పాటు లారీ దాకా మోసినాడు. దించినాక, తువ్వాలతో ముఖం తుడుచుకుంటా అడిగినాడు.

"ఒక్క మాట చెప్పుప్పా. ఆ పొద్దు నువ్వు నిజంగా ఆ పక్క చూళ్లేదా? లేకుంటే తీగను చూసి గూడా పోనీలే అని వదిలిపెట్టినావా?"

"చూళ్లేదప్పా. నా పిల్లల మీద ఒట్టు."

"అయితే సరేప్పా" అన్నాడు. ఆ ముఖంలో బరువు దిగిపోయింది. "చూసి వదిలిపెట్టినావేమో అని ఒకటే కుమిలిపోయినా. మీరు సంతకం పెడితేనే కదా మేము ధైర్యంగా బండి కిందికి పోయేది. చూడకపోవడం ఎవరికైనా జరుగుతాది. పో, పోయిరా, మంచిగుండు" అని నా భుజం తట్టి పోయినాడు.

ఆయన అడిగింది వ్యాగన్ గురించి. దాన్ని చూడకుండా వదిలిపెట్టిన మాట నిజమే. కానీ వాకిట్లో మంచం మీద కూచున్న ఆయనను మాత్రం చూసి గూడా ఎనిమిది దినాలు వదిలిపెట్టినాను. అది ఆయన అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేడు. అందుకని మీకు చెప్తాండాను.